మబ్బు వయసు

మా పెద్దమ్మ కూతురు టెక్సస్‌లో చిన్న విమానం నడుపుతుందని చెబితే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒక్కటే. "పక్కన వాళ్ళాయన ఉంటాడా?" ఉండడు. బావకి విమానం ఎక్కితే కడుపులో తిప్పుతుంది. రెండో ప్రశ్న, "మరి దారిలో వానొస్తేనో?" మొదటిదానికి నవ్వి ఊరుకోవచ్చు. రెండోది మాత్రం అసలైన ప్రశ్న. నేను రాయాలనుకున్నది దాని గురించే.

అక్క వృత్తి సాఫ్ట్‌వేర్. విమానం ఇష్టంతో నేర్చుకుంది. ఆమెకున్నది ప్రైవేట్ పైలట్ లైసెన్సు. దాంతో డబ్బు సంపాదించకూడదు. తనకోసం, తనవాళ్ళకోసం ఎగరొచ్చు. మబ్బుల్లోకి దూరకుండా, కంటికి దారి కనిపిస్తున్నంత మేరే ఎగరాలి. అమెరికాలో ఇలాంటివాళ్ళు లక్షల్లో ఉన్నా, నేర్చుకుంటున్న విద్యార్థులను మినహాయిస్తే పైలట్లలో ఆడవాళ్ళు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. నేను 2023లో కొన్ని నెలలు అక్క దగ్గరున్నాను. నా పీహెచ్‌డీ తెలుగు స్త్రీల యాత్రా రచనల మీద. ఆ పని ముగిశాక, ప్రయాణాన్నే వృత్తిగా చేసుకున్న స్త్రీలు ఏం రాశారన్న కుతూహలం పట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి విమానాలు నడిపిన మహిళల, అంటే 'వాస్ప్'ల, పత్రాలు డెంటన్‌లోని టెక్సస్ విమెన్స్ యూనివర్సిటీలో ఉన్నాయి. అక్క ఇంటినుంచి రోజూ వెళ్ళి చదువుకోవడం, వారాంతాల్లో వాతావరణం బాగుంటే అక్కతో ఎగరడం. అలా గడిచాయి ఆ నెలలు.

మొదటిసారి ఎక్కినప్పుడు నా కళ్ళు వెతికింది సినిమాల్లో చూపించే గుండ్రటి ముళ్ళ పరికరాల కోసం. అవి ఉన్నాయి. కానీ అక్క చూపు తరచూ పోయేది తొడమీద పట్టీతో బిగించుకున్న ఐప్యాడ్ మీదికి. కిటికీ అద్దానికి అంటించిన, అరచేతిలో పట్టేంత రిసీవర్ ఒకటి నేలమీది స్టేషన్ల నుంచీ, చుట్టుపక్కల ఎగిరే విమానాల నుంచీ సంకేతాలు అందుకుని దానికి పంపుతూ ఉంటుంది. పటం మధ్యలో మన విమానం బొమ్మ. వాన ఉన్నచోట ఆకుపచ్చ, ఇంకా గట్టిగా ఉన్నచోట పసుపు, తర్వాత ఎరుపు, అన్నిటికన్నా భయపడాల్సినచోట వంగపండు రంగు. ఇతర విమానాలు చిన్న బాణాలు. ఒక్కోదాని పక్కన అది మనకన్నా ఎన్ని వందల అడుగులు పైనుందో కిందుందో చెప్పే అంకె. ఈ వాతావరణ ప్రసారానికి చందా కూడా లేదు, ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. వీడియో గేమ్‌లా ఉందే అన్నాను. అక్క వెంటనే, "అక్కడే వస్తుంది చిక్కు" అంది.

మనం టికెట్ కొనుక్కుని ఎక్కే పెద్ద విమానాల ముక్కులో సొంత రాడార్ ఉంటుంది. ఎదుటి మబ్బును అది ఆ క్షణంలోనే తడిమి చూస్తుంది. అక్క నడిపే నాలుగు సీట్ల సెస్నా 172లో అలాంటిది లేదు. దానికి అందేది నేలమీది రాడార్లు ఎప్పుడో చూసినదానికి నకలు. అమెరికాలో దాదాపు 160 వాతావరణ రాడార్లున్నాయి. ఒక్కో రాడార్ రకరకాల ఎత్తుల్లో చుట్టూ తిరిగి తన మేర ఆకాశాన్ని ఒకసారి పూర్తిగా చూసేసరికి 4 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ఆ ముక్కలన్నీ ఒకచోటికి చేరాలి, వాటిని అతికి పెద్ద పటం చెయ్యాలి, స్టేషన్లు దాన్ని ప్రసారం చెయ్యాలి. దగ్గరి ప్రాంతపు పటం 5 నిమిషాలకోసారి మారుతుంది, దేశమంతటి పటం 15 నిమిషాలకోసారి. తెర మీద ఒక మూల చిన్న అక్షరాల్లో ఆ పటం ఎంతసేపటి క్రితందో ఉంటుంది. అది చెప్పేది ముక్కల్ని అతికి ఎంతసేపయిందన్నదే. అందులోని ఒక్కొక్క ముక్కా ఎప్పటిదన్నది అక్కడ ఉండదు.

అక్క ఇది నాకు మూడుసార్లు చెప్పాల్సివస్తుందనుకుంది. ఒక్కసారికే అర్థమైంది. కథల సంకలనం 2005లో అచ్చయింది కాబట్టి అందులో కథలన్నీ 2005లో రాసినవేనని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? సంపాదకుడు పాతికేళ్ళ క్రితం కథనీ నిన్నటి కథనీ పక్కపక్కనే వేస్తాడు, ఒకే టైపులో, ఒకే కాగితం మీద. ప్రచురణ సంవత్సరాన్ని రచనా సంవత్సరంగా రాసేసిన విద్యార్థుల వ్యాసాలు నేను చాలా దిద్దాను. అక్క ఒళ్ళోని పటం కూడా సంకలనమే. "రంగులన్నీ ఒకేలా మెరుస్తాయి, అదీ దాని మోసం" అన్నాను. "మోసమనకు. దానికి తెలిసింది అది చెబుతోంది. ఎలా చదవాలో మనకి తెలియాలి" అంది అక్క. విమర్శకురాలిని నేనా, ఆమా అనిపించింది.

చదవడం తేడా వస్తే ఏమవుతుందో రాసిపెట్టి ఉంది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012 జూన్‌లో పైలట్లకి ఒక హెచ్చరిక విడుదల చేసింది. తెర మీది అంకె కన్నా అసలు వాన చిత్రం, పరిస్థితులు కలిసిరాకపోతే, మరో 15, 20 నిమిషాలు పాతదై ఉండొచ్చని దాని సారాంశం. అందులో రెండు ప్రమాదాలు ప్రస్తావించారు. 2010 మార్చిలో టెనసీ రాష్ట్రంలో రోగుల్ని తరలించే హెలికాప్టర్ కూలి పైలట్, ఇద్దరు నర్సులు చనిపోయారు. 2011 డిసెంబర్‌లో టెక్సస్‌లోని బ్రయన్ పట్టణం దగ్గర ఒక చిన్న విమానం గాల్లోనే విరిగి ఐదుగురు చనిపోయారు. గంటకి 40 మైళ్ళ వేగంతో కదిలే ఉరుముల వాన 15 నిమిషాల్లో 10 మైళ్ళు జరిగిపోతుంది. తెర మీద ఖాళీగా తోచే దారిలో అప్పటికే అది కూర్చుని ఉండొచ్చు. మబ్బు పెరగడానికి జరగాల్సిన పని కూడా లేదు. టెక్సస్ వసంతకాలపు మధ్యాహ్నాల్లో అది ఉన్నచోటే నిలువునా లేస్తుంది.

ఇదే రోజుల్లో లైబ్రరీలో నాకు హెలెన్ రిచీ ఎదురైంది. 1934 డిసెంబర్‌లో ఒక అమెరికన్ విమాన సంస్థ ఆమెని పైలట్‌గా తీసుకుంది. వేళ ప్రకారం నడిచే ప్రయాణికుల విమానానికి ఆ దేశంలో తొలి మహిళా పైలట్. పైలట్ల సంఘం ఆమెకి సభ్యత్వం ఇవ్వలేదు. వాణిజ్య శాఖ వైపు నుంచి ఒక సలహా వచ్చింది: ఈమెని మంచి వాతావరణంలోనే ఎగరనివ్వండి. ఏడాది తిరక్కముందే ఆమె ఆ ఉద్యోగం వదిలేసింది. నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. వాతావరణం బాగాలేనప్పుడు ఎగరకపోవడం పైలట్ తీసుకునే నిర్ణయం. ఆ నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి తీసేసుకుని నిబంధనగా ఆమె మీదే పెట్టారు. అదే గాలి, అదే వాన. మగ పైలట్ ఆగితే వివేకం, ఈమె ఆగితే అర్హత లేకపోవడం.

రిచీ తర్వాత ఏం చేసిందన్నది నాకింకా నచ్చింది. రేడియో సదుపాయం అంతంతమాత్రంగా ఉన్న ఆ రోజుల్లో సొంత విమానాల్లో తిరిగేవాళ్ళు తరచూ దారి తప్పేవారు. ఊరి పేరు పైనుంచి కనబడితే చాలు. ఫీబీ ఆమ్లీ అనే పైలట్ ఆలోచనతో ప్రభుత్వం ఊళ్ళ పేర్లని ఇళ్ళ కప్పుల మీద, గోదాముల మీద, పది పన్నెండడుగుల అక్షరాల్లో రాయించే పని మొదలెట్టింది. దాన్ని ఊరూరా తిరిగి నడిపించింది ఆడ పైలట్లే. లూయీజ్ థేడన్, బ్లాంచ్ నాయిస్, 1936లో వాళ్ళతో చేరిన హెలెన్ రిచీ. (అదే 1936లో లాహోర్‌లో సరళా ఠక్రాల్ చీరకట్టుతో ఒంటరిగా విమానం నడిపింది. ఈ రెండు సంగతుల్నీ ఒకే పేజీలో పెట్టిన పుస్తకం నాకింకా కనబడలేదు.) బ్లాంచ్ నాయిస్ భర్త కూడా పైలటే, 1935 చివర్లో విమాన ప్రమాదంలో పోయాడు. ఆ మరుసటి ఏడే ఆమె ఈ పనిలోకి వచ్చింది. యుద్ధం వచ్చాక శత్రువుకి దారి చూపిస్తాయన్న భయంతో రాసిన పేర్లన్నీ చెరపాల్సి వచ్చింది. చెరిపించే బాధ్యత కూడా ఆమెకే. యుద్ధం ముగిశాక మళ్ళీ రాయించింది. ఇవాళ అక్క ఒళ్ళో మెరిసే పటానికి అమ్మమ్మ ఎవరంటే, నా లెక్కలో, ఆ ఇంటి కప్పులే.

స్వీట్‌వాటర్ వెళ్దామని అడిగింది నేనే. పశ్చిమ టెక్సస్‌లో చిన్న ఊరు. అక్కడి అవెంజర్ ఫీల్డులో వాస్ప్‌లు శిక్షణ పొందారు. పాతికవేల మందికి పైగా దరఖాస్తు పెట్టుకుంటే 1,830 మందిని తీసుకున్నారు, 1,074 మంది శిక్షణ పూర్తిచేశారు, 38 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. పౌర ఉద్యోగులుగానే లెక్కగట్టారు కనక చనిపోయినవాళ్ళకి సైనిక లాంఛనాలు లేవు. శవాన్ని ఇంటికి పంపే ఖర్చులకి తోటివాళ్ళు చందాలు వేసుకున్న సందర్భాలున్నాయి. 1944 డిసెంబర్‌లో దళాన్ని రద్దు చేశారు, 1977 దాకా మాజీ సైనికులుగా గుర్తించలేదు. అవెంజర్ ఫీల్డులో వాళ్ళ మ్యూజియం 2005లో తెరిచారు. విమానం అక్కడే దిగుతుంది కాబట్టి నడిచి వెళ్ళి చూడొచ్చు.

దాదాపు రెండు గంటల ప్రయాణం. ఎర్రమట్టి, పత్తి చేలు, ఆ తర్వాత కొండల అంచుమీద వందల కొద్దీ తెల్లటి గాలిమరలు. అక్క నాకో పని అప్పజెప్పింది. "నువ్వు కుడివైపు ఆకాశం చూడు. మొత్తం ఒక్కసారే కాదు, ముక్క ముక్కగా. ఒక ముక్క మీద కాసేపు నిలబెట్టు చూపు." ఐప్యాడ్ చూపిస్తోంది కదా అన్నాను. "చూపిస్తుంది. చెప్పినవాళ్ళని చూపిస్తుంది" అంది.

ఆ మాట సరిగ్గా అర్థమవ్వాలంటే యంత్రం పని తెలియాలి. విమానం జీపీఎస్‌తో తానెక్కడుందో తెలుసుకుని, ఆ చోటు, ఎత్తు, వేగం, తన గుర్తింపు సెకనుకోసారి ప్రసారం చేస్తుంది. దీన్నే 'ఏడీఎస్‌-బి అవుట్' అంటారు. 2020 జనవరి 1 నుంచి అమెరికాలో పెద్ద విమానాశ్రయాల చుట్టుపక్కల, ఎత్తయిన ఆకాశంలో ఇది తప్పనిసరి. వినే పరికరం, 'ఇన్', ఎవరిష్టం వాళ్ళది. నేలమీది స్టేషన్ తన రాడార్‌లో కనబడ్డ తక్కిన విమానాల సంగతి కూడా చెబుతుంది. అయితే 'నేనిక్కడున్నాను' అని ప్రకటించుకున్న విమానానికే, దాని చుట్టూ 15 నాటికల్ మైళ్ళ మేర సంగతులే చెబుతుంది. తాను నోరు విప్పకుండా వినే పరికరం మాత్రమే పెట్టుకున్నవాడికి అందేది వేరేవాళ్ళ కోసం చెప్పిన మాటల్లో చెవిన పడ్డ ముక్కలే. తెర మాత్రం నిండుగానే కనిపిస్తుంది. స్త్రీల సభల్లో ఎన్నాళ్ళుగానో చెప్పుకుంటున్న మాటని ఈ ఇంజనీర్లు తీగల్లో బిగించారని నాకు నవ్వొచ్చింది. ఇక పల్లెల మీద తక్కువ ఎత్తులో ఎగిరేవాళ్ళకి ప్రకటించుకునే నిర్బంధమే లేదు. తెర మీద బాణం లేదంటే అక్కడ విమానం లేదని కాదు. చెప్పినవాళ్ళెవరూ లేరని.

ఆబిలీన్ దాటాక కుడివైపు, మాకన్నా బాగా కింద, చేల మీద పసుపుపచ్చగా ఏదో కదిలింది. మందు కొట్టే విమానం. చేను చివరికంటా పోయి గిర్రున తిరిగి పైకి లేస్తోంది. అక్కకి చూపించాను. ఆమె ఐప్యాడ్ వైపు చూసింది. ఆ చోట తెర ఖాళీ. "ఈ పూటకి నీ టికెట్ డబ్బులు ముట్టాయి" అంది.

మ్యూజియంలో నేను చూడాలనుకున్నది హేజెల్ యింగ్ లీ గురించి. పోర్ట్‌లాండ్‌లో పుట్టిన చైనా అమ్మాయి, 1932లో లైసెన్సు సంపాదించింది, వాస్ప్‌లలో చేరింది. ఓసారి కాన్సస్‌లో ఒక పొలంలో దిగాల్సివస్తే, జపాన్ వాళ్ళు దాడికొచ్చారనుకుని రైతు గడ్డి తిరగేసే పంగలకర్రతో వెంటపడ్డాడట. 1944 నవంబర్ 23న మాంటానా రాష్ట్రం గ్రేట్ ఫాల్స్‌లో యుద్ధ విమానాలు చాలా ఒకేసారి దిగడానికి వచ్చాయి. వాటిలో ఒకదానికి రేడియో పనిచెయ్యడం లేదు. దానికి చెప్పిన మాట వినపడదు, అది చెప్పగలిగింది లేదు. నేలకి దగ్గరగా అదీ హేజెల్ విమానమూ ఢీకొన్నాయి. రెండ్రోజుల తర్వాత కాలిన గాయాలతో ఆమె పోయింది. కొద్ది రోజులకే యుద్ధంలో ఆమె తమ్ముడూ పోయాడు. పోర్ట్‌లాండ్‌లో ఇద్దర్నీ పూడ్చిపెట్టడానికి ఎంచుకున్న చోటు తెల్లవాళ్ళదని శ్మశానం వాళ్ళు ఒప్పుకోకపోతే కుటుంబం పట్టుబట్టి సాధించుకుంది. సెకనుకోసారి 'నేనిక్కడున్నాను' అనే పెట్టె ఆ రోజు ఆ రెండు విమానాల్లో ఉండుంటే, అనుకుంటూ నిలబడ్డాను. శ్మశానం సంగతి ఏ పెట్టెతోనూ తీరేది కాదు.

మధ్యాహ్నం రెండింటికి తిరిగి బయల్దేరాం. తొందరపడ్డానికి కారణం ఉంది. సాయంత్రం ఏడింటికి అక్క కూతురు స్కూల్లో వయొలిన్ కచేరీ. పధ్నాలుగేళ్ళ పిల్ల, మొదటిసారి ఒంటరిగా ఒక పాట వాయిస్తోంది. పొద్దున చూసినప్పుడు వానలు రాత్రికి గానీ రావన్నారు. సగం దారి వచ్చేసరికి ఎదురుగా ఆకాశం పాలు విరిగినట్టు అయింది. తెర మీద డెంటన్‌కి పడమర ఆకుపచ్చ చుక్కలు, చూస్తుండగానే పసుపు. మళ్ళీ పటం మారేసరికి ఎరుపు, ఒకటి కాదు మూడు. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఖాళీ. అక్క ఆ ఖాళీ మీద వేలు పెట్టి కొలిచింది. "పాతిక మైళ్ళు." ఉరుముల వానకి కనీసం 20 మైళ్ళ దూరం ఉండాలని పాఠం. రెండిటి మధ్య దూరాలంటే 40 మైళ్ళ ఖాళీ కావాలి. అదీ ఈ ఖాళీ ఇప్పటిదైతే. రేడియోలో నియంత్రకురాలితో మాట్లాడింది. అటునుంచి కూడా ఆడగొంతే, నెమ్మదిగా, చుట్టం పలకరించినట్టు. "మినరల్ వెల్స్‌లో దిగుతున్నాను" అంది అక్క. ఇంటికి ఇంకా అరగంట దూరం.

దిగి, విమానాన్ని తాళ్ళతో కట్టేసి లోపలికెళ్ళి ఫోన్ చూసుకునేసరికి బావ మెసేజీలు వరసగా ఉన్నాయి. "ఎందుకు దిగావు?" "ఏమైనా ప్రాబ్లమా?" తర్వాత ఒక బొమ్మ. ఇంట్లో పెద్ద మానిటర్ మీది రాడార్ చిత్రం, మధ్య ఖాళీలో గీసిన ఎర్ర గీత. "ఇదిగో దారి. ఇప్పుడు లేస్తే కచేరీకి అందుకుంటావు." అక్క విమానం ప్రకటించుకునే సంకేతాలని పట్టి ఇంటర్నెట్‌లో చూపించే సైట్లున్నాయి. బావ మమ్మల్ని పొద్దుట్నించీ చూస్తూనే ఉన్నాడు. బావ చెడ్డవాడని కాదు. అక్క పైకి లేచిన దగ్గర్నుంచీ దిగేదాకా ఆయనకి అన్నం సహించదు. కానీ ఆ పూట ఆయన కుర్చీలో కూర్చుని, ఎన్ని నిమిషాల పాతదో చూడని బొమ్మ మీద ఆమెకి దారి గీశాడు.

అక్కడ ఇంకో పైలట్ ఉన్నాడు. అరవై దాటినాయన, మర్యాదస్తుడు, మాకు కాఫీ కలిపిచ్చాడు. తన ఫోన్‌లోనూ అదే ఖాళీ. అతను వెళ్ళాలనే నిశ్చయించుకున్నాడు. "మీరూ నా వెనకే రండి, దారి ఎలా ఉందో రేడియోలో చెబుతూ ఉంటాను" అన్నాడు. అక్క వద్దంది. ఆయన లేచిపోయాక నాతో ఏం మాట్లాడలేదు. బయట బెంచీ మీద కూర్చుని తూర్పు వైపు చూస్తోంది. తెర కాదు, ఆకాశం. తూర్పున నల్లటి గోడ లాంటిది, దాని కింద బూడిదరంగు తెర జారుతోంది. ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది, ఆమె ఆలోచిస్తోంది మబ్బు గురించి ఒక్కటే కాదు.

"దిగకుండా వెళ్ళుంటే అందుకునేదాన్నేమో" అంది చివరికి.

"అందుకునేదానివే, బతికుంటే" అన్నాను. అంత మొరటుగా అనాల్సింది కాదేమో గానీ ఆమె నవ్వింది.

గంట తర్వాత బావనుంచి మరో మెసేజ్. ఇక్కణ్ణించి లేచిన ఇంకో విమానం ఆ ఖాళీలోంచే వెళ్ళి క్షేమంగా దిగిందట. నంబరు, దారి గీతతో సహా పంపాడు. "చూశావా" అన్న ఒక్క మాట. అవును, ఆయన వెళ్ళాడు, చేరాడు. ఇక్కడ నేను చెప్పాలనుకున్నది కాస్త జాగ్రత్తగా చెప్పాలి. ఆ మబ్బు ఆ ఖాళీని మూసేసి, వెళ్ళినవాళ్ళు ఇబ్బంది పడుంటే అక్క ఆగడం సరైందని అందరికీ రుజువయ్యేది. అలా జరగలేదు. రాత్రి ఆ ఊళ్ళోనే మోటెల్‌లో ఉండిపోయాం. కచేరీని బావ ఫోన్‌లో తీసి పంపాడు. పిల్ల రెండ్రోజులు వాళ్ళమ్మతో ముక్తసరిగానే మాట్లాడింది. తర్వాత వారం ఫ్లయింగ్ క్లబ్బులో అక్క కథ విన్నవాళ్ళలో ఒకతను భుజం తట్టి, "పర్లేదు, మెల్లిగా ధైర్యం వస్తుంది" అన్నాడట. అదే క్లబ్బులో, అంతకు నెల్లాళ్ళ ముందే, ఇంకొకాయన దారిలో వెనక్కి తిరిగొస్తే "మంచి నిర్ణయం" అని చప్పట్లు కొట్టారు. అక్క ఈ రెండూ చెప్పి, "ఎవరి మీదా కోపం లేదు, లెక్క రాసుకుంటున్నానంతే" అంది.

"అతను చేరాడు కాబట్టి అక్కడ దారి ఉందని నేనొప్పుకోను. నాకున్న సమాచారం నాకు తెలుసు, అది ఎంత పాతదో తెలుసు. వంద పూటల్లో ఒక్క పూట తేడా వస్తే చాలు. ఆ తేడా ఎవరి పూటకొస్తుందో పటం చెప్పదు" అని బావతో అంటుంటే నేను పక్కగదిలో ఉన్నాను. బావ ఏం జవాబిచ్చాడో వినపడలేదు. కానీ మర్నాడు పొద్దున కాఫీ దగ్గర ఒప్పందం కుదిరినట్టుంది. విమానం ఎక్కడుందో ఆయన ఎంతసేపైనా చూసుకోవచ్చు. మబ్బు గురించి మాత్రం, ఆమె అడిగితే తప్ప, మాట్లాడకూడదు.

చూడ్డం గురించి నాకింకా ఒక ఇబ్బంది మిగిలింది. అడవిలోంచి ఎత్తుకుపోతుంటే సీత ఆకాశంలోంచి నగలు మూటగట్టి కొండ మీది వానరుల మధ్యకి జారవిడిచింది. తను ఏ దిక్కుగా పోతోందో కావలసినవాళ్ళకి తెలియాలని. సెకనుకోసారి పడే ఈ సంకేతం కూడా అలాంటి మూటేననుకున్నాను. తేడా ఏమిటంటే, దీన్ని ఎవరు ఏరుకుంటారో విడిచినవాళ్ళ చేతిలో లేదు. రిసీవర్ కొనుక్కున్న ఎవరైనా పట్టొచ్చు. అమెరికాలో విమానం తోక మీది నంబరుతో యజమాని పేరు, చిరునామా చాలాకాలం ఎవరికైనా దొరికేవి. అక్కకి తెలిసిన ఒకావిడ సొంత విమానం ఉన్నావిడ. విడాకుల తర్వాత మాజీ భర్త ఆవిడ ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరి పేరు మెసేజ్ పెట్టేవాడట, అంతే, ఇంకేమీ రాయకుండా. సంకేతం ఆపెయ్యడం చట్టవిరుద్ధం, పైగా ప్రమాదం. కొన్ని రకాల పరికరాలున్నవాళ్ళకి అసలు గుర్తింపుని దాచి మారుపేరు లాంటిది వాడుకునే వీలుంది. 2025 మార్చి నుంచి యజమానులు తమ పేరూ చిరునామా బయటికి చూపించవద్దని ప్రభుత్వాన్ని కోరవచ్చు. ఆవిడ కోరిందని విన్నాను. ఢీకొనకుండా ఉండాలంటే కనబడాలి, కనబడితే వెంటపడేవాడికీ కనబడతావు. దీనికి ఇంజనీర్ల దగ్గర సగం జవాబే ఉంది. ఆ తక్కిన సగం వాళ్ళ పనేనా అన్నది నాకు తేలలేదు.

నేను ఇండియా తిరిగి రావడానికి పదిరోజుల ముందు అక్క నన్ను ఒక చిన్న విమానాశ్రయానికి తీసుకెళ్ళింది. 1929లో 99 మంది సభ్యులతో మొదలైన మహిళా పైలట్ల సంఘం, 'నైంటీ నైన్స్', ఇప్పటికీ ఒక పని చేస్తుంది. ఎయిర్‌పోర్టుల్లో విమానాలు నిలిపే చోట, కాంక్రీటు మీద పెద్ద దిక్సూచి చక్రం వేస్తారు. విమానాన్ని దాని మీద నిలబెట్టి, లోపలి దిక్సూచి సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూసుకుంటారు. తెరలన్నీ ఆరిపోయినా పనిచేసేది ఆ సూదే కదా. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు, మోకాళ్ళకి గుడ్డలు చుట్టుకుని, నడుమ మేకుకి దారం కట్టి సుద్దతో వలయం గీస్తున్నారు. నేనూ కూర్చున్నాను. చుక్కలు పెట్టి కలపడం నాకెవరూ నేర్పక్కర్లేదు, సంక్రాంతి నెలంతా వాకిట్లో చేసిన పనే. నా గీత చూసి పక్కనున్న ముసలావిడ, "ఇదివరకు ఎన్ని ఎయిర్‌పోర్టుల్లో వేశావు?" అని అడిగింది. అక్క పకపకా నవ్వింది.

రంగు ఆరాలి కాబట్టి మధ్యాహ్నం దాకా ఆ మేర విమానాల్ని రానివ్వలేదు. అయస్కాంతపు ఉత్తరం ఏటా కాస్త కాస్త జరుగుతుంటుంది, అందువల్ల కొన్నేళ్ళకోసారి ఈ చక్రాన్ని చెరిపి మళ్ళీ వెయ్యాల్సి ఉంటుందట. తేదీ ఎక్కడ రాస్తారని అడిగాను. ఆ ముసలావిడ సన్న కుంచె ఒకటి నా చేతికిచ్చి అంచుమీద చోటు చూపించింది.